నాజర్ మీద మోపిన నేరం

బుర్రకథ ఊసెత్తితే చాలు, అనంతపురం సాహిత్య సభల్లోనూ, బుక్కరాయసముద్రం టీ అంగళ్ల దగ్గరా ఒకే మాట వినబడుతోంది: ప్రచారానికి వాడుకున్నారు, కళ చచ్చిపోయింది. ఈ మాటకు ఒక ముద్దాయిని కూడా చూపిస్తున్నారు. ఆయన షేక్ నాజర్. తంబురా భుజానికెత్తుకుని తెలుగునేలంతా తిరిగి, బుర్రకథ పితామహుడని జనం చేత అనిపించుకుని, 1986లో పద్మశ్రీ అందుకుని, 1997లో కన్నుమూసిన మనిషి. తమను తాము ఆయన వీరాభిమానులుగా చెప్పుకునేవాళ్లు కూడా చివర్లో ఒక "కానీ" తగిలిస్తున్నారు. ఆ "కానీ" మీదే నా అభ్యంతరం.

వాదాన్ని దాని పూర్తి బలంతోనే ముందు పెడతాను. బుర్రకథకు పాత రూపమైన జంగం కథ ఒకప్పుడు భక్తికీ, వీరగాథకూ, వినోదానికీ మాత్రమే చెందిన కళ అంటారు. 1940ల్లో కమ్యూనిస్టులు దాన్ని అందిపుచ్చుకుని సభలకు జనాన్ని పోగుచేసే పనిముట్టుగా మార్చారంటారు. నాజర్‌కు గొంతుంది, ఆట ఉంది, మాట ఉంది, ఆ ప్రతిభనంతా తీసుకుపోయి పార్టీ చేతిలో పెట్టాడంటారు. పార్టీ వేసిన దారినే తర్వాత ప్రభుత్వాలు పట్టాయి. కుటుంబ నియంత్రణకు ఒక బుర్రకథ, అక్షరాస్యతకు ఒక బుర్రకథ, ఎయిడ్స్‌కు ఒకటి, మరుగుదొడ్లకు ఒకటి. చివరికి జనం దృష్టిలో బుర్రకథ అంటే పథకం ప్రకటన అయి కూర్చుంది. ప్రయోజనం అడుగుపెట్టిన చోట కళ నిలవదు గనక, ఈ పతనానికి మూలం నాజరే. వాదన ఇదీ.

ఇందులో కంటికి కనిపించే నిజం ఒకటుంది. దాన్ని నేను దాచను. మా మండల కేంద్రంలో జరిగే పథకాల బుర్రకథ ఎలా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. వేపచెట్టుకు ఫ్లెక్సీ కడతారు. ముగ్గురు కళాకారులు ఆటో దిగుతారు. మెరుపుల అంగరఖాలు, తలపాగాలు, కాళ్లకు గజ్జెలు, అన్నీ ఉంటాయి. మైకు సరిచేసుకునేలోపే పథకం పేరు మొదలవుతుంది. ఎవరు అర్హులు, ఏ కాగితాలు కావాలి, ఆఖరి తేదీ ఎప్పుడు, ప్రతి ముక్క తర్వాతా ఒక తందాన. తంబురా భుజాన ఉంటుంది గానీ తీగ మీద వేలు పడదు. పావుగంటలో అయిపోతుంది. బిల్లుకు జతచేయడానికి ఫ్లెక్సీ కనబడేటట్టు ఫోటో తీసుకుని మరో ఊరికి వెళ్లిపోతారు. పిల్లలు కూడా నిలబడి చూడరు. ఇది బుర్రకథ పేరు పెట్టుకున్న కరపత్రం. ఇంతవరకూ ఒప్పుకుంటాను. దీన్ని చూపించి నాజర్ మీద ఇచ్చే తీర్పును మాత్రం ఒక్కొక్క అంశంగా కొట్టివేయాల్సి ఉంది.

1. ముందు స్వచ్ఛంగా ఉండేదన్నది చరిత్రకు నిలవదు

నాజర్ ముట్టుకోకముందు కథాగానంలో రాజకీయం లేదనేవాళ్లు ఆ కథలు విన్నారా అని అడగాలి. పల్నాటి కథ చూడండి. నాగమ్మ, బ్రహ్మనాయుడు, గురజాల, మాచర్ల, రాజ్యం కోసం దాయాదుల పోరు. అన్ని కులాలనూ ఒకే బంతిలో కూర్చోబెట్టిన చాపకూడు. సేనాపతిగా నిలిచిన మాల కన్నమదాసు. ఈ కథను కారెంపూడి వీరుల ఉత్సవాల్లో వీరవిద్యావంతులు తరాలుగా పాడుతూ వచ్చారు. కులం మీద ఇంత నేరుగా మాట్లాడిన కథలో రాజకీయం లేదంటే ఇంకెక్కడ ఉన్నట్టు?

బొబ్బిలి కథ సంగతి? 1757 జనవరిలో విజయనగరం సంస్థానం పక్షాన ఫ్రెంచి దొర బుస్సీ ఫిరంగులు మోయించుకొచ్చి కోటను కూల్చాడు. గెలిచినవాళ్ల కథను జంగాలు పాడలేదు. ఓడి, కోటతో పాటు నేలకూలినవాళ్ల పక్షాన నిలబడి పాడారు. తెలంగాణలో సర్వాయి పాపడి కథ కూడా అంతే. ఔరంగజేబు చివరి రోజుల్లో మొగలాయి అధికారాన్ని ఎదిరించిన కల్లుగీత కులస్థుడు అతను. సర్కారు కాగితాల్లో దొంగ, పాటలో వీరుడు. 1874 నాటికే బోయిల్ అనే దొర ఆ పాటను సేకరించి అచ్చు వేయించాడు.

మన సీమ మాటే చెప్పుకుందాం. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కుంపిణీ ప్రభుత్వం 1847 ఫిబ్రవరిలో కోవెలకుంట్లలో ఉరితీసింది. జనం మరిచిపోవాలని అతని తలను కోట గుమ్మానికి ఏళ్ల తరబడి వేలాడదీసింది. జనం మరిచిపోలేదు. పాటలు కట్టుకున్నారు. రేనాటి పల్లెల్లో ఆ పాటలు పాడినవాళ్లు ఏ పార్టీ సభ్యులూ కారు. అప్పటికి పార్టీలే లేవు. పక్షం మాత్రం ఉంది. ఎవరి పక్షాన కథ చెప్పాలో ఎంచుకోవడం ఈ కళకు పుట్టుకతో వచ్చిన గుణం. నాజర్ కొత్తగా తెచ్చి అంటించింది కాదు.

2. గొంతు అరువిచ్చిన మనిషి ఒక కళను కట్టలేడు

రెండో ఆరోపణ, నాజర్ తన ప్రతిభను పార్టీకి అప్పగించాడన్నది. ఈ మాటలో దాగిన ఊహ ఏమిటంటే, ప్రతిభ ఆయనకు పుట్టుకతో వచ్చింది, ఆలోచన మాత్రం వేరేవాళ్లది అని. ఆయన జీవితం ఈ ఊహను నిలబడనివ్వదు.

నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల కుటుంబంలో పుట్టాడు. ఆత్మకథకు "పింజారి" అని పేరు పెట్టుకున్నాడు. జనం తక్కువ చేసి పిలిచే కులం పేరునే పుస్తకం అట్ట మీద నిలబెట్టడం ఆలోచన అరువు తెచ్చుకున్నవాడు చేసే పని కాదు. చిన్నతనంలో నాటకాల్లో వేషాలు కట్టాడు. నరసరావుపేటలో శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నాడు. పొట్ట కోసం బట్టలు కుట్టాడు. హార్మోనియం, రాగం, పద్యం, అభినయం, ఇవన్నీ చేతికొచ్చాకే కథ వైపు నడిచాడు.

అప్పటి జంగం కథలో కథకుడు తంబురాతో మధ్యలో ఉంటే, తరచుగా అతని ఇంటి ఆడవాళ్లే బుర్ర వాయిస్తూ వంత పాడేవాళ్లు. భిక్ష కోసం ఊరూరా తిరిగే సంచార కుటుంబాల బతుకుతెరువు అది. కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి 1943లో ఏర్పడే నాటికి ఈ కథ ఇంటి ముంగిళ్లు దాటి వేలమంది ముందుకు రావాల్సిన అవసరం పడింది. నాజర్ చేసింది అక్కడే మొదలవుతుంది. నాటకంలో నేర్చిన అభినయాన్ని కథలోకి తెచ్చాడు. యుద్ధ ఘట్టానికి, ఏడుపు ఘట్టానికి, వెక్కిరింతకు వేర్వేరు నడకలు పెట్టాడు. వేగంగా పరుగెత్తే వచనం ఒక్కసారి ఆగి రాగంలోకి జారేటట్టు కట్టాడు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, బెంగాల్ కరువు, ప్రతిదానికీ దాని లెక్క, దాని ఊపు. సంగీతం తెలిసిన మనిషి కూర్చుని చేసిన పని ఇది.

ఇంకో సంగతి. శైవ జంగాల చేతిలోని కళను ఒక ముస్లిం సాధన చేసి, దానికి పితామహుడనిపించుకుంటే తెలుగు జనం దాన్ని ఎంత సహజంగా స్వీకరించారో గమనించాలి. ఆయన పాడిన పల్నాటి వీరులూ, బొబ్బిలి వీరులూ ఆయనకు పరాయివాళ్లని ఎవరికీ తోచలేదు. "పార్టీ పాటగాడు" అని చిన్నచూపు చూడటమంటే ఈ మొత్తం సాధననూ, ఈ స్వీకారాన్నీ ఒక్క మాటతో తుడిచెయ్యడమే.

3. ప్రచారానికి కథలో ఒక స్థానం ఉండేది, కథకు బదులుగా ప్రచారం ఉండేది కాదు

ఈ వాదనలోని అసలు లోపం ఇక్కడుంది. బుర్రకథ ఎలా నడుస్తుందో చూడని కళ్లకే ప్రచారం కళను మింగినట్టు కనబడుతుంది.

ముగ్గురు నిలబడతారు. మధ్యలో కథకుడు. భుజాన తంబురా, బొటనవేలికి అందె. అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. కథకుడు ఒక ముక్క ఎత్తుకుంటాడు, ఇద్దరూ తందానతో అందుకుంటారు, డక్కీ దరువు మారుతుంది. కథకుడు పల్నాటి వీరుడు బాలచంద్రుణ్ణి యుద్ధానికి పంపుతూ తల్లి గుండె కోత చెబుతుంటాడు. హాస్యగాడు అడ్డుపడి అమాయకంగా ఒక ప్రశ్న వేస్తాడు. జనం నవ్వుతారు. ఆ నవ్వు ఆగకముందే రాజకీయం చెప్పేవాడు అందుకుని, ఇప్పుడు మన ఊళ్లో జరుగుతున్నది ఏమిటని నిలదీస్తాడు. కథకుడు మళ్లీ తంబురా మీటి ఇద్దర్నీ కథలోకి లాక్కొస్తాడు.

ఈ అమరికలో ఎంత తెలివి ఉందో చూడండి. నేటి సంగతి మాట్లాడే బాధ్యత ఒక వంతకు ప్రత్యేకంగా ఉంది. కాబట్టి కథ నిండా ఉపదేశం కుక్కాల్సిన పని లేదు. ఆ వంత ఎంత దూరం వెళ్లినా కథకుడు వెనక్కి లాగుతాడు. అతిగా ఉపన్యసిస్తే హాస్యగాడు నేలకు దించుతాడు. ప్రచారాన్ని అదుపులో పెట్టే ఏర్పాటు కళ లోపలే ఉంది. ప్రజానాట్యమండలి దళాలు ఈ ఏర్పాటును గట్టిపరిచాయి. నాజర్ దాన్ని శిఖరానికి తీసుకెళ్లాడు.

ఇప్పుడు మా మండల కేంద్రంలోని పావుగంట కార్యక్రమంతో పోల్చండి. అక్కడ కథ లేదు. కథ లేదు గనక వెనక్కి లాగే కథకుడు లేడు. అధికారులు రాసిచ్చిన కాగితంలో హాస్యానికి చోటు లేదు. రాజకీయం చెప్పే వంతకు ప్రశ్నించే హక్కు లేదు. అందరూ కలిసి ఒకే ప్రకటన చదువుతున్నారు. నాజర్ చేసినదీ, ఇదీ ఒకటేననడం కంటితో చూసిన తేడాను కూడా కాదనడం. ఇక్కడ చచ్చినది కథ. కథను చంపినవాడు నాజర్ కాదు, కథకు సమయం ఇవ్వకుండా బిల్లు రాసినవాడు.

4. ప్రయోజనం ఉంటే కళ కాదన్న సూత్రం ఎక్కడా నిలబడదు

ఇదొక పెద్ద సూత్రంలాగా చెబుతుంటారు. దీన్ని ఇంకో దేశం కళాకారుడికి పెట్టి చూద్దాం.

నాజర్ తంబురాతో ఊళ్లు తిరుగుతున్న రోజుల్లోనే ఇంగ్లండులో జార్జ్ ఫాంబీ అనే వినోదగాడు యుకలేలీ వాయిస్తూ పాడేవాడు. గిటారుకు చిట్టి చెల్లెలిలా ఉండే నాలుగు తీగల వాయిద్యం అది. రెండో ప్రపంచయుద్ధంలో ఫాంబీ సైనికుల శిబిరాలకు వెళ్లి, ఫిరంగులు మోగే చోట్లకు దగ్గర్లో నిలబడి పాడాడు. ప్రభుత్వం పంపింది, యుద్ధం గెలవాలన్న ఉద్దేశంతోనే పంపింది. 1946లో రాజు గౌరవ పతకం కూడా ఇచ్చాడు. ప్రయోజనానికి వాడుకున్నారు గనక ఫాంబీ కళాకారుడు కాడని, యుకలేలీ వినోదాన్ని అతనే నాశనం చేశాడని ఆ దేశంలో అనరు. కష్టకాలంలో జనానికి తోడు నిలిచాడని చెప్పుకుంటారు.

అదే కాలంలో 1943 నాటి బెంగాల్ కరువులో ముప్ఫై లక్షల మంది దాకా చచ్చిపోయారు. నాజర్ దాన్ని కథగా పాడాడు. కృష్ణా గుంటూరు మాగాణి రైతును, ఎప్పుడూ చూడని బెంగాలీ తల్లి కోసం ఏడ్పించాడు. యుద్ధంలో సైనికుడికి ఉత్సాహం ఇస్తే వినోదమా? ఆకలితో చచ్చేవాడి కోసం కన్నీరు తెప్పిస్తే మాత్రం ప్రచారమా? తెల్లదొరకు ఒక కొలబద్ద, పింజారి నాజర్‌కు మరొకటి పెట్టడం ఏ న్యాయం?

కరువంటే ఏమిటో అనంతపురం వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 1876-78 కరువు ఈ జిల్లా పల్లెల్ని ఖాళీ చేసింది. 1952లో రాయలసీమ అంతటా గంజి కేంద్రాలు తెరవాల్సి వచ్చింది. చెనక్కాయ పంట ఎండిపోయిన ఏడు బెంగుళూరు బస్సులు నిండిపోవడం నేటికీ చూస్తున్నాం. కరువును పాడటం కళకు తగని పని అని చెప్పే మాట మరెక్కడైనా పుట్టవచ్చు గానీ, ఈ నేల మీద పుట్టకూడదు. విద్వాన్ విశ్వం "పెన్నేటి పాట" కరువు గురించే. దాన్ని కావ్యమని నెత్తిన పెట్టుకున్నాం. కాగితం మీద రాస్తే కావ్యం, తంబురా మీద పాడితే ప్రచారం అనడంలో ఉన్నది కళా విచారణ కాదు, అక్షరం రానివాళ్ల కళ మీద చిన్నచూపు.

5. ముందు జరిగింది గనక అదే కారణం అనడం తర్కం కాదు

నాజర్ ముందు, పథకాల బుర్రకథ వెనక. కాబట్టి ముందుది వెనకదానికి కారణం. వాదన మొత్తం ఈ ఒక్క గొలుసు మీద వేలాడుతోంది. దీన్ని పరీక్షించే మార్గం చాలా తేలిక. పార్టీ జెండా ముట్టని కళలు ఏమయ్యాయో చూడాలి.

దూరం పోనక్కర్లేదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మలాట కుటుంబాల ఊరు. తరతరాలుగా రామాయణ భారత కథలు ఆడిన ఇళ్లు అవి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు ఆ ఇళ్లలో తోలు మీద ఎక్కువగా తయారయ్యేవి దీపాల తొడుగులు, గోడకు తగిలించే అలంకారాలు. రాత్రంతా తెర వెనక దీపం పెట్టి బొమ్మలాడించే పిలుపు ఎన్ని ఊళ్ల నుంచి వస్తోంది? రాముణ్ణి ఆడినవాళ్లకూ అదే గతి పట్టినప్పుడు, సీతారామరాజును పాడినవాడి వల్ల బుర్రకథ చచ్చిందని ఎలా అంటారు? హరికథ సంగతి? వీధినాటకం సంగతి? ఇవన్నీ కలిసే ఎండిపోయాయి.

కారణాలు కంటి ముందే ఉన్నాయి. టూరింగ్ టాకీసు వచ్చింది, రాత్రి వినోదం అక్కడికి మళ్లింది. తర్వాత టీవీ ఇంట్లోకే వచ్చింది. కళాకారుల్ని పోషించిన ఊరుమ్మడి ఏర్పాట్లు చెదిరిపోయాయి. వలసల వల్ల రాత్రంతా కూర్చుని వినే జనమే పలుచబడ్డారు. వీటిలో ఏ ఒక్కటీ నాజర్ చేసింది కాదు. అంతేకాదు, ఈ గాలి వీస్తున్నప్పుడు బుర్రకథను కొన్ని దశాబ్దాల పాటు నిలబెట్టింది ఆయనే. 1954 నాటి "అగ్గిరాముడు" సినిమాలో ఆయన దళం చెప్పిన అల్లూరి కథ ఉంది. 1924లో పోలీసులు కాల్చి చంపిన సీతారామరాజు మీద పెద్ద సినిమా రావడానికి 1974 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ మధ్యకాలమంతా ఆ పేరును పల్లెల్లో బతికించిన గొంతుల్లో ముందువరస గొంతు ఆయనది. ఏ సినిమా బుర్రకథను మింగిందంటున్నారో, ఆ సినిమాలోకే బుర్రకథను తీసుకెళ్లి నిలబెట్టినవాడు హంతకుడా?

ప్రచారంగా మారాక కళ బలహీనపడిందన్న మాటకు ఇంకో చరిత్ర అడ్డు నిలుస్తుంది. మద్రాసు రాష్ట్రంలో బ్రిటిష్ ప్రభుత్వం, హైదరాబాదులో నిజాం ప్రభుత్వం బుర్రకథను నిషేధించాయి. 1948 తర్వాత ప్రజానాట్యమండలి కళాకారుల మీద నిర్బంధం విరుచుకుపడింది. జనానికి పట్టని దాన్ని ఏ ప్రభుత్వమూ నిషేధించదు. రాజకీయం మాట్లాడిన రోజుల్లోనే బుర్రకథ అధికారానికి భయం పుట్టించేంత బలంగా ఉంది. ప్రభుత్వం ఏం చెబితే అది వల్లించడం మొదలయ్యాకే పిల్లలు కూడా ఆగి చూడనంత బలహీనపడింది. ఈ రెంటినీ ఒకే పేరుతో "ప్రచారం" అని పిలవడమే ఈ వాదంలోని గారడీ.

6. ఈ మాట వల్ల లాభపడేది ఎవరు

ఒక అభిప్రాయం ఇంతకాలం బతికిందంటే దాని వల్ల ఎవరికో సౌకర్యం ఉండాలి. నాజర్‌ను ముద్దాయిని చేస్తే ముగ్గురు తప్పించుకుంటున్నారు.

మొదటివాళ్లు, కళాకారుల్ని పథకాల కోసం పిలిచే శాఖలు. పావుగంటకు కుదించింది వాళ్లు. ఊరికింత అని లెక్కగట్టి ఒకే రోజు పలు ఊళ్లు తిప్పేది వాళ్లు. చేసిన పనికి డబ్బు నెలల తరబడి ఆపేది వాళ్లు. ప్రచారమే కళను చంపుతుందని అందరూ నమ్మితే, మంచి ప్రచారానికైనా మంచి కథ కావాలని వాళ్లను అడిగేవాడు ఉండడు.

రెండోవాళ్లు, పాత జంగం కథ స్వచ్ఛతను తలచుకుని నిట్టూర్చే పెద్దమనుషులు. స్వచ్ఛమైన ఆ కళను మోసిన బుడగజంగాలు ఇప్పుడెక్కడున్నారో వీళ్లు అడగరు. కుల ధ్రువీకరణ పత్రం కోసం ఆ కుటుంబాలు ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న సంగతి వీళ్ల వ్యాసాల్లో కనబడదు. కళ మీద అంత ప్రేమ ఉంటే కళాకారుడి గుడిసె ఎందుకు కంటికి ఆనదు?

మూడోవాళ్లు, మనం. ప్రేక్షకులం. బుర్రకథను ఎవరో చంపేశారంటే మన బాధ్యత తీరిపోతుంది. జాతరకు రికార్డింగ్ డాన్సుకు చందా వేసి, కథ చెప్పే దళాన్ని పిలవని మనం కూడా ఈ లెక్కలో ఉన్నామని ఒప్పుకోవాలి.

కళాకారుడి మీద పడే దెబ్బ మరీ దారుణం. ఇప్పటికీ తంబురా పట్టి నేర్చుకునే కుర్రవాడికి మనం రెండు తలుపులు చూపిస్తున్నాం. ఒకటి, ఏ అభిప్రాయమూ లేకుండా పాత కథ వల్లించు, అప్పుడే నీది కళ. రెండోది, కాగితం చదివి బిల్లు తీసుకో. తన కాలం మీద తన మాట చెప్పే మూడో దారి ఉందనీ, ఆ దారిలో నడిచే నాజర్ శిఖరానికి చేరాడనీ ఆ కుర్రవాడికి తెలియకుండా చేస్తున్నది ఈ అభిప్రాయమే.

7. బుక్కరాయసముద్రం తన కథను తానే అడగాలి

ప్రయోజనం కథను చంపదనడానికి అన్నిటికంటే గట్టి సాక్ష్యం మా ఊరి చెరువుకట్ట మీదే ఉంది. విజయనగర రాజుల కాలంలో కట్టి బుక్కరాయల పేరు పెట్టిన చెరువు ఇది. ఒక ఏడు వాన ముంచెత్తి కట్ట తెగబోతుంటే, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ గండిలో నిలబడి ప్రాణమిచ్చిందని ఊరు చెప్పుకుంటుంది. ఆమెకు గుడి కట్టి మొక్కుకుంటుంది. ఆ కథను ఆధారం చేసుకుని కట్టమంచి రామలింగారెడ్డి 1899లో "ముసలమ్మ మరణము" రాశాడు. తెలుగు ఆధునిక కవిత్వం ఎక్కడ మొదలైందని లెక్క తీసేవాళ్లు ఆ కావ్యాన్ని తప్పక చెబుతారు.

ఆ కథకు ప్రయోజనం లేదంటారా? కరువు సీమలో చెరువుకట్ట తెగితే ఊరు పోతుంది. కట్టను కాచుకోండి, గండి పడకముందే మేలుకోండి అన్న హెచ్చరిక కథ నడుమనే ఉంది. ఆ పని కోసమే కథ తరాలు దాటింది. పనికొచ్చే కథ గనకే మరపున పడలేదు.

ఇదే కథను నాజర్ పద్ధతిలో నేడు చెబితే ఎలా ఉంటుందో ఆలోచించండి. కథకుడు ముసలమ్మ ఇంటి నుంచి కట్ట దాకా నడిచిన నడకను రాగంలో చెబుతాడు. హాస్యగాడు అడుగుతాడు: ఊళ్లో ఇంతమంది మగవాళ్లుండగా గంగమ్మకు కోడలే ఎందుకు కావలసి వచ్చింది? రాజకీయం చెప్పేవాడు అందుకుంటాడు: కట్టను ముందే బాగుచేయని పెద్దలెవరు? ఇవాళ చెరువులోకి వచ్చే వంకలను పూడ్చి ప్లాట్లు వేసినవాళ్లెవరు? జనం నవ్వుతారు, ఏడుస్తారు, తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. జలసంరక్షణ మీద ఏ పావుగంట కార్యక్రమమూ ఈ పని చేయలేదు. ఎందుకంటే ఈ ప్రశ్నలు రాసిచ్చే శాఖ ఉండదు. కళాకారుడికి స్వేచ్ఛ ఉంటేనే ఈ ప్రశ్నలు పుడతాయి.

అందుకే నా వాదం నాజర్‌ను నిర్దోషి అనడంతో ఆగదు. ఆయన దారే సరైన దారి అంటున్నాను. ప్రభుత్వం బుర్రకథను పిలవదలచుకుంటే పూర్తి రాత్రికి పిలవాలి. విషయం చెప్పి కథను దళానికి వదిలెయ్యాలి. ప్రశ్నించే వంత నోరు నొక్కకూడదు. ప్రదర్శన ముగిసిన రోజే డబ్బు చేతిలో పెట్టాలి. మా మండలంలోనే, జంతలూరులో, కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. ఈ ప్రాంతపు కథకుల గొంతుల్ని రికార్డు చేసి, కథ చెప్పడాన్ని పాఠంగా నేర్పడం దాని పని కావాలి. జాతరలకు చందాలు వేసే మనం, ఒక రాత్రి కథకు కూడా వెయ్యాలి.

బుర్రకథ ప్రచారం చేసింది గనక చచ్చిందన్న మాట అబద్ధం. అది ప్రశ్నించినంత కాలం బతికింది, ప్రశ్నించే నోటికి కాగితం అడ్డుపెట్టాక కుంగింది. నాజర్ ఆ నోరు తెరిచి ఉంచినవాడు. ఆయన పేరు చెప్పేటప్పుడు ఇక "కానీ" అనవలసిన పని లేదు. "కానీ" అని అడగదలచుకుంటే, కథకు పావుగంట లెక్కగట్టినవాళ్లను అడగండి.